ఆవగింజంత సందేహానికి ఢిల్లీ బాకీపడిన జవాబు

న్యూఢిల్లీ:

నవరాత్రులు వచ్చాయంటే రాజధాని నగరంలోని మిఠాయి దుకాణాలలో రామ్‌దానా లడ్డూలు రాశులుగా వెలుస్తాయి. ఉపవాసమున్నవారు గోధుమను, బియ్యాన్ని ముట్టరు. రామ్‌దానా మాత్రం నిషిద్ధం కాదు. మన పెరటి తోటకూరకు దగ్గరి చుట్టమైన ఒక మొక్క గింజలవి. చూడటానికి గసగసాలంత ఉండే ఆ గింజలో మాంసకృత్తులు పుష్కలంగా ఉన్నాయి. ఉత్తరాదిలో తరతరాలుగా తింటున్న ఆ గింజ నుంచి జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు ఆశిస్ దత్తా, ఆయన సహచరులు ఒక జన్యువును వేరుచేసి, 1992లో ఆ వివరాలు ప్రకటించారు. 2000 సంవత్సరం నాటికి దానిని బంగాళాదుంపలోకి ప్రవేశపెట్టారు. ఏడు రకాల బంగాళాదుంపలపై అదే ప్రయోగం జరిపి, దుంపలో మాంసకృత్తుల పరిమాణం 60 శాతం వరకు పెరిగిందని 2010లో వెల్లడించారు.

పేదవాని పళ్ళెంలోని బంగాళాదుంపకు బలం చేకూర్చడం మంచి ఆశయమే. అయినా ఆ పరిశోధకులు ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోకుండా ముందుకు సాగలేకపోయారు. తోటకూర గింజ పడని మనిషి ఒకడున్నాడనుకుందాం. అతడు ఆ గింజను దూరంగా పెట్టగలడు. కాని అందులోని మాంసకృత్తు బంగాళాదుంపలో చేరి వస్తే అతనికి తెలిసేదెలా? అందుకే వారు ఎలుకలకు, కుందేళ్ళకు ఆ దుంపలను తినిపించి చూశారు. అలర్జీ లక్షణాలు కనిపించలేదన్నారు. ఆ దుంప రైతుల పొలాలకు నేటికీ చేరలేదు. కాని ఆ ప్రశ్న మాత్రం ఇరవై ఏళ్ళకు పైగా ఢిల్లీ కార్యాలయాల్లోనూ, న్యాయస్థానాల్లోనూ తిరుగుతూనే ఉన్నది.

జన్యు పరివర్తిత పంటలపై మన దేశంలో సాగుతున్న వివాదంలో విత్తనాల గుత్తాధిపత్యం, కలుపు మందులు, తేనెటీగలు, రైతు అప్పులు అన్నీ కలగలసి ఉన్నాయి. అలర్జీ సంగతి వాటి మధ్య ఒక నినాదంగా మిగిలిపోయింది. ఈ పంటలన్నీ అలర్జీ కారకాలేనని ఒక పక్షం అంటుంది. ఇంతవరకు ఎవరికేమైంది అని రెండవ పక్షం ఎదురు ప్రశ్న వేస్తుంది. ఇద్దరి మాటా సరి కాదు. ఈ వివాదంలోని అనేక ప్రశ్నలలో పరీక్షించి జవాబు చెప్పడానికి అంతో ఇంతో వీలున్న ప్రశ్న ఇదే. ఆ జవాబును పౌరుని ముందుంచే పద్ధతి మనకు ఉన్నదా లేదా అన్నదే అసలు విషయం.

పడని పదార్థం వెనుక

వంకాయ పడదు, దురద పెడుతుంది అనే మాట తెలుగు ఇళ్ళలో కొత్తది కాదు. ఒంటికి బాగులేనప్పుడు, పురుడైనప్పుడు పథ్యం పేరిట పెద్దలు కొన్ని కూరలను దూరం పెట్టేవారు. ఆ పథ్యాలన్నిటికీ శాస్త్రాధారం లేకపోవచ్చు. కాని ఒకరికి అమృతమైనది మరొకరికి విషం కావచ్చునన్న ఎరుక అందులో ఉన్నది.

ఆధునిక వైద్యశాస్త్రం దీనిని ఇలా వివరిస్తుంది. మన దేహంలోని రక్షణ వ్యవస్థ ఆహారంలోని ఒకానొక మాంసకృత్తును శత్రువుగా పొరబడి, ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని తయారుచేసుకుంటుంది. ఆ మాంసకృత్తు మళ్ళీ ఎదురైనప్పుడు ఈ ప్రతిరక్షకం దానిని పట్టుకుంటుంది. అప్పుడు దద్దుర్లు, వాపు, ఆయాసం వస్తాయి. పరిస్థితి విషమిస్తే ప్రాణం మీదికి వస్తుంది. మొక్కలలో మాంసకృత్తులు వేల సంఖ్యలో ఉన్నా, అలర్జీ కలిగించేవి బహు కొద్ది కుటుంబాలకు చెందినవి. అందులోనూ గింజ మొలకెత్తడానికి మొక్క దాచిపెట్టుకునే నిల్వ మాంసకృత్తులు ముఖ్యమైనవి. వేరుశెనగలోనూ, సోయా చిక్కుడులోనూ, ఆవగింజలోనూ ఉన్న అలర్జీ కారకాలలో ప్రధానమైనవి ఈ కోవలోవే. వీటిలో కొన్ని వేడికి తేలికగా చెడవు, కడుపులోని జీర్ణరసానికి లొంగవు.

జన్యువు అంటే మాంసకృత్తును తయారుచేయడానికి కావలసిన సూత్రం. ఒక ప్రాణి నుంచి జన్యువును తెచ్చి పంటలో పెట్టడమంటే ఆ పంట చేత కొత్త మాంసకృత్తును తయారుచేయించడమే. అయితే ఆ జన్యువు ఎప్పుడు, ఏ భాగంలో, ఎంత మేరకు పనిచేయాలో నిర్ణయించే మరో తునకను కూడా దానితో పాటు అమరుస్తారు. దానిని బట్టి ఆ మాంసకృత్తు మొక్క అంతటా ఉండవచ్చు, పువ్వులోనే ఉండవచ్చు, గింజలోనే ఉండవచ్చు. కనుక జన్యువు ఎక్కడిది అని అడిగితే చాలదు. మనం తినే భాగంలో ఆ మాంసకృత్తు ఎంత ఉన్నది, అది పాత రూపంలోనే ఉన్నదా, మారిందా అని కూడా అడగాలి.

మూడు గుణపాఠాలు

ఈ విషయంలో ప్రపంచం నేర్చుకున్న పాఠాలు ప్రధానంగా మూడు.

మొదటిది అమెరికాలో జరిగింది. సోయా చిక్కుడులో మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పశువుల దాణాలో ఆ లోటు తీర్చాలని పయొనీర్ హైబ్రెడ్ అనే విత్తన సంస్థ బ్రెజిల్ గింజలోని ఒక మాంసకృత్తుకు చెందిన జన్యువును సోయాలో ప్రవేశపెట్టింది. బ్రెజిల్ గింజ కొందరికి పడదన్న సంగతి ముందే తెలిసినది కనుక నెబ్రాస్కా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుల చేత పరీక్ష చేయించారు. ఆ గింజ పడని 9 మంది రక్తపు తేటను తీసుకుని చూస్తే, 8 మందిలోని ప్రతిరక్షకాలు ఆ మాంసకృత్తును పట్టుకున్నాయి. ముగ్గురి చర్మంపై పరీక్షిస్తే మామూలు సోయాకు ఏమీ కాలేదు. కొత్త సోయాకు ముగ్గురికీ దద్దు లేచింది. 1996లో ఈ ఫలితాలు వైద్య పత్రికలో ప్రచురితమయ్యాయి. సంస్థ ఆ పంటను విరమించుకున్నది. ఆ సోయా బజారుకు రానేలేదు.

రెండవది ఆస్ట్రేలియాలో. బఠానీని తొలిచే పురుగును అరికట్టడానికి అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ. చిక్కుడు జాతి గింజలోని ఒక జన్యువును బఠానీలో పెట్టింది. జనం ఎంతో కాలంగా తింటున్న చిక్కుడు గింజలోనిదే కనుక భయం లేదనుకున్నారు. కాని బఠానీలో తయారైన ఆ మాంసకృత్తుకు అంటుకునే చక్కెర అణువుల అమరిక కొంత మారింది. ఆ బఠానీ తిన్న ఎలుకల ఊపిరితిత్తులలో వాపు కనిపించింది. 2005లో ఫలితాలు వెలువడగానే దాదాపు పదేళ్ళ కృషిని ఆ సంస్థ పక్కన పెట్టింది. మరో శాస్త్రజ్ఞుల బృందం 2013లో ప్రచురించిన పరిశోధనలో మామూలు చిక్కుడు గింజలోని మాంసకృత్తుకు కూడా ఎలుకలు అదే విధంగా స్పందించాయని తేలింది. అంటే ఎలుకల పరీక్షనే తుది తీర్పుగా తీసుకోరాదు. అయితే సందేహం తీరే వరకు పంటను పొలం గట్టు దాటనీయకపోవడం వివేకమే.

మూడవది మళ్ళీ అమెరికాదే. స్టార్‌లింక్ అనే మొక్కజొన్నలో పురుగును చంపే క్రై9సి అనే మాంసకృత్తు ఉన్నది. అది వేడికి తట్టుకుంటుంది, జీర్ణరసంలో త్వరగా కరగదు. ఈ రెండూ అనుమానించదగిన లక్షణాలే. కనుక 1998లో పశువుల దాణాకు మాత్రమే అనుమతించి, మనుషుల ఆహారానికి నిరాకరించారు. కాగితం మీద నిబంధన బాగానే ఉన్నది. కాని గాలికి పుప్పొడి ఎగురుతుంది, గోదాములో గింజలు కలుస్తాయి. 2000 సెప్టెంబరులో అదే మొక్కజొన్న జనం తినే టాకో రొట్టెలలో బయటపడింది. దేశమంతటా దుకాణాల నుంచి సరుకును వెనక్కి తెప్పించారు. జబ్బుపడ్డామన్నవారిని పరీక్షించిన ప్రభుత్వ వైద్య సంస్థ, దానివల్లనే అలర్జీ కలిగిందనడానికి ఆధారం కనిపించలేదని 2001లో చెప్పింది. హాని జరగలేదు; కాని దాణాకు ఒకటి, మనిషికి ఒకటి అనే అడ్డుగోడ నిలవదని రుజువైంది.

ఈ అనుభవాలను పరిగణనలోకి తీసుకుని ప్రపంచ ఆహార ప్రమాణాల సంఘం కోడెక్స్ 2003లో మార్గదర్శకాలను ఆమోదించింది. కొత్త మాంసకృత్తు నిర్మాణాన్ని తెలిసిన అలర్జీ కారకాలతో పోల్చాలి. 80 అమైనో ఆమ్లాల నిడివిలో 35 శాతానికి మించి పోలిక ఉంటే అనుమానించాలి. జీర్ణరసంలో అది ఎంత కాలం నిలుస్తుందో చూడాలి. అవసరమైతే అలర్జీ ఉన్నవారి రక్తపు తేటతో పరీక్షించాలి. ఏ ఒక్క పరీక్షా స్వయంగా తీర్పు కాజాలదు. అన్నిటినీ కలిపి తూచాలి. భారత వైద్య పరిశోధన మండలి 2008లో రూపొందించిన మార్గదర్శకాలు కూడా ఈ దారినే అనుసరించాయి.

ఆవ మీద వివాదం

ఇప్పుడు మన ఆవ సంగతికి వద్దాం. ఢిల్లీ విశ్వవిద్యాలయ దక్షిణ ప్రాంగణంలో దీపక్ పెంటల్, ఆయన సహచరులు రూపొందించిన డి.ఎం.హెచ్.-11 అనే సంకర ఆవలో మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి తెచ్చిన మూడు జన్యువులు ఉన్నాయి. బార్నేజ్ అనేది మగ పుప్పొడిని నిరోధిస్తుంది. బార్‌స్టార్ ఆ నిరోధాన్ని తొలగిస్తుంది. బార్ అనేది ఒక కలుపు మందును తట్టుకునే శక్తి ఇస్తుంది. ఇందులో బార్నేజ్ జన్యువు పువ్వులో పుప్పొడిని పోషించే పొరలో మాత్రమే పనిచేసేలా అమర్చినది. ఇదే మూడు జన్యువుల పద్ధతిలో రూపొందిన కనోలా కెనడాలో 1990ల మధ్య నుంచి సాగులో ఉన్నది. ఈ మాంసకృత్తులకు తెలిసిన అలర్జీ కారకాలతో చెప్పుకోదగిన పోలిక లేదన్నది దీనిని అనుమతించిన దేశాల నిర్ణయం.

అయితే ఇక్కడ ఇంకొక మెలిక ఉన్నది. ఆవ తానే ఒక అలర్జీ పదార్థం. ఆవగింజలోని ప్రధాన అలర్జీ కారకం, అమెరికా సోయాను ఆపివేసిన బ్రెజిల్ గింజ మాంసకృత్తు, రెండూ ఒకే కుటుంబానివి. ఐరోపా సమాఖ్య పొట్లాలపై తప్పనిసరిగా ప్రకటించవలసిన 14 పదార్థాల జాబితాలో ఆవను చేర్చింది. కనుక కొత్తగా వచ్చిన మాంసకృత్తు సురక్షితమా అన్నది సగం ప్రశ్నే. జన్యు మార్పిడి వల్ల గింజలోని పాత అలర్జీ కారకం పాలు పెరిగిందా, తగ్గిందా, అలాగే ఉన్నదా అన్నది తక్కిన సగం. ఐరోపా సమాఖ్య 2013 నిబంధనలలో ఈ రెండవ ప్రశ్నకు కూడా చోటిచ్చింది.

ఆవ ఉత్తరాది పంట, దాని గొడవ మనకెందుకని తెలుగు పాఠకులు అనుకోవచ్చు. కాని ఈ విషయంలో మనమే ఎక్కువగా ఆలోచించాలి. పంజాబు, రాజస్థాన్, బెంగాల్ ప్రజలు వంటకు వాడుకునేది ప్రధానంగా ఆవనూనె. నూనెలో మాంసకృత్తు బహు స్వల్పం. మనం ఆవకాయలో కలిపేది పచ్చి ఆవపిండి. గింజలోని మాంసకృత్తు యావత్తూ, నిప్పు సోకకుండా, ఏడాది పొడుగునా మన అన్నంలోకి వస్తుంది. ఏ భాగాన్ని, ఏ రూపంలో, ఎంత తింటారు అన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఢిల్లీలో కూర్చుని ఆవ అంటే నూనె అనుకునేవారికి ఆవకాయ జాడీ గుర్తుకు రాకపోవచ్చు.

దస్త్రం చుట్టూ పోరాటం

పరీక్షలు జరిగాయా అంటే, జరిగాయనే ప్రభుత్వం చెబుతున్నది. కాని ఆ ఫలితాలు జనం కంట పడటానికి ప్రతిసారీ న్యాయపోరాటం అవసరమైంది. బీటీ వంగ విషయంలో విషప్రభావం, అలర్జీ పరీక్షల సమాచారాన్ని సంస్థ వ్యాపార రహస్యమని వాదించింది. దానిని బహిరంగపరచాలని సుప్రీంకోర్టు 2008లో చెప్పవలసి వచ్చింది. 2009 అక్టోబరులో నియంత్రణ సంఘం ఆ వంగకు పచ్చజెండా ఊపినా, అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాదుతో సహా ఏడు నగరాలలో బహిరంగ సభలు జరిపి, 2010 ఫిబ్రవరి 9న దానిని నిలిపివేశారు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం వ్యవస్థాపక సంచాలకులు పుష్ప భార్గవ ఆ సంఘం పనితీరుపై చేసిన విమర్శలు ఆనాటి చర్చలో ముఖ్యమైనవి.

ఆవ విషయంలోనూ కథ పునరావృతమైంది. పర్యావరణ మంత్రిత్వ శాఖ వద్దనున్న భద్రతా సమాచారం ఇవ్వాలని సమాచార హక్కు చట్టం కింద అడిగితే జాప్యం జరిగింది. కేంద్ర సమాచార కమిషనరుగా ఉన్న మాడభూషి శ్రీధర్ ఆచార్యులు 2016 ఏప్రిల్‌లో ఆ సమాచారాన్ని వెల్లడించాలని ఆదేశించారు. తెలుగు పాఠకులకు సుపరిచితులైన ఆయన తీర్పు ఈ పోరాటంలో ఒక మైలురాయి. ఆ తరువాత సంగ్రహ నివేదికను ప్రకటించారు. పూర్తి దస్త్రం చూడదలచినవారు మాత్రం గడువులోగా ఢిల్లీలోని మంత్రిత్వ శాఖ కార్యాలయానికి వచ్చి చదువుకోవాలన్నారు. శ్రీకాకుళం రైతుకు, ఆదిలాబాద్ వైద్యునికి ఆ ఏర్పాటు ఏ మేరకు ఉపయోగమో వేరే చెప్పనక్కరలేదు.

2022 అక్టోబరులో నియంత్రణ సంఘం ఆవ విడుదలకు సిఫారసు చేసింది, కేంద్రం అనుమతించింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 2024 జులై 23న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం భిన్న తీర్పులిచ్చింది. జస్టిస్ బి.వి. నాగరత్న అనుమతిని కొట్టివేశారు. జస్టిస్ సంజయ్ కరోల్ షరతులతో సమర్థించారు. అయినా రాష్ట్రాలను, రైతులను, నిపుణులను సంప్రదించి జన్యు పరివర్తిత పంటలపై జాతీయ విధానం రూపొందించాలన్న విషయంలో ఇద్దరూ ఏకీభవించారు. వివాదం ఎటు తేలినా, కేంద్రం మీద ఉన్న ఆ బాధ్యత తీరదు.

లోటు ఎక్కడ?

లోటు శాస్త్రజ్ఞుల ప్రతిభలో లేదు. మూడు చోట్ల ఉన్నది.

ఒకటి, మన ప్రజలకు ఏవి పడవో మనకే సరిగా తెలియదు. బెంగళూరు, మైసూరు ప్రాంతాల వయోజనులపై జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2016లో వెలువడ్డాయి. రక్త పరీక్షలో ఏదో ఒక ఆహారానికి ప్రతిరక్షకాలున్నవారు 26.5 శాతమైతే, లక్షణాలతో కూడా కలిసి అలర్జీ ఉన్నదనదగినవారు 1.2 శాతమే. ఈ రెండు అంకెల మధ్య అంతరాన్ని చూస్తే, ఒక్క రక్త పరీక్షను పట్టుకుని భయపెట్టడం ఎంత పొరపాటో తెలుస్తుంది. ఇలాంటి అధ్యయనాలు ప్రతి ప్రాంతంలోనూ జరగాలి. శెనగలు, వంకాయ, ఆవ, నువ్వులు పడనివారి రక్తపు తేటల నిధి దేశంలో ఉంటే తప్ప, కొత్త పంటను మన దేహాలకు తగినట్లుగా పరీక్షించలేము.

రెండు, సరుకు మీద ఆనవాలు లేదు. పొట్లాలపై ప్రకటించవలసిన అలర్జీ పదార్థాల గురించి ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన నిబంధనలలో గోధుమ, పాలు, గుడ్లు, చేపలు, వేరుశెనగ, సోయా ఉన్నాయి, ఆవ లేదు. అది చేర్చినా, మన జనం కొనేది సంతలో విడిగా అమ్మే సరుకు. దానిపై ఏ చీటీ అంటిస్తారు? కనుక ముందస్తు పరీక్షే మనకు ఏకైక రక్షణ. చీటీ చూసి జాగ్రత్తపడే అవకాశం లేనివారి విషయంలో ప్రభుత్వం రెట్టింపు జాగ్రత్త వహించాలి.

మూడు, దొంగ విత్తనం. అనుమతి లేని కలుపు మందు తట్టుకునే పత్తి తెలంగాణ, ఆంధ్ర, మహారాష్ట్ర, గుజరాత్ పొలాలలో పట్టుబడింది. 2013లో బంగ్లాదేశ్ బీటీ వంగకు అనుమతినిచ్చింది. ఇక్కడ నిలిపివేసిన తరువాత, 2019లో హర్యానాలోని ఫతేహాబాద్ జిల్లాలో ఒక పొలంలో బీటీ వంగ కనిపించింది. నిర్ణయాన్ని ఏళ్ళ తరబడి వాయిదా వేయడాన్ని జాగ్రత్త అని పిలుస్తున్నాం. కాని వాయిదా నడుస్తుండగా పరీక్ష లేని విత్తనం చేలోకి వస్తే, ఆ జాగ్రత్త ఎవరిని కాపాడినట్లు?

నాణేనికి రెండవ వైపు కూడా చెప్పుకోవాలి. అలర్జీని తెచ్చిపెట్టగల ఈ విద్యే అలర్జీని తొలగించగలదు. సోయాలోని ఒక ప్రధాన అలర్జీ కారకం తయారు కాకుండా అమెరికా శాస్త్రజ్ఞులు 2003లోనే ఆపగలిగారు. 2025 మేలో కేంద్రం ప్రకటించిన రెండు కొత్త వరి రకాలలో ఒకటి హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి నుంచి, మరొకటి ఢిల్లీలోని పూసా సంస్థ కాటన్‌దొర సన్నాల నుంచి రూపొందించినవి. వీటిలో పరాయి జన్యువు లేదు, ఉన్నదానినే సవరించారు. కనుక వీటికి అడగవలసిన ప్రశ్నలు వేరు. అన్నిటినీ ఒకే గాటన కట్టి తిట్టడమూ, ఒకే గాటన కట్టి పొగడటమూ రెండూ విజ్ఞత కాదు.

అమెరికా సోయాను ఆపినది నినాదం కాదు, 9 మంది రోగుల రక్తపు తేట. ఆస్ట్రేలియా బఠానీని ఆపినది ప్రభుత్వ సంస్థ తన తప్పును తానే ప్రకటించగలిగిన ధైర్యం. ఆ రెండు చోట్లా ఫలితం అచ్చయింది, అందరూ చదివారు. మన దగ్గర కూడా పరీక్ష ఫలితం పంటకంటే ముందు జనం ముందుకు రావాలి. అదీ వారి భాషలో రావాలి. కేంద్రం రూపొందించే జాతీయ విధానంలో ఈ ఒక్క నియమం ఉంటే, తక్కిన వివాదాలు తీరకపోయినా అలర్జీ అనే భయం మాత్రం హద్దులో ఉంటుంది.

సందేహం ఆవగింజంతే కావచ్చు. కాని అది ప్రతి వేసవిలోనూ జాడీలోకి చేరే ఆవగింజ. ఆ జాడీ మూత తీసే ఇల్లాలికి జవాబు చెప్పవలసిన బాధ్యత ఢిల్లీది.